టూలు ఒక్క తప్పూ చూపలేదు, ఇక ప్యాకేజీని ఆమోదించవచ్చా?

మీ ప్రశ్న ఇదీ: ఫెడోరా అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టంలో చేర్చడానికి వచ్చిన ఒక ప్యాకేజీని (ఇన్‌స్టాల్ చేసుకోవడానికి వీలుగా కట్టిన ప్రోగ్రాంను) మొదటిసారి రివ్యూ చేస్తున్నారు. రోమన్ అక్షరాల్లో టైపు చేసినదాన్ని తెలుగులోకి, కన్నడలోకి మార్చే చిన్న ప్రోగ్రాం అది. ‘ఫెడోరా-రివ్యూ’ టూలు నడిపితే తప్పు అన్న గుర్తు ఒక్కటీ రాలేదు. ప్యాకేజీ తయారుచేసినాయన నాలుగు నెలలుగా ఎదురుచూస్తున్నారు. ఇక ప్లస్, అంటే ఆమోదం గుర్తు, పెట్టేయవచ్చా అని అడిగారు.

ఇప్పుడే పెట్టకండి. ఆ రిపోర్టు పైభాగంలో గుర్తుల అర్థాలు రాసి ఉంటాయి, ఒకసారి చూడండి. ఇంటూ గుర్తు ఉంటే సరిపోయినట్టు, ఆశ్చర్యార్థకం ఉంటే తప్పినట్టు, అడ్డగీత ఉంటే ఈ ప్యాకేజీకి వర్తించనట్టు. గడి ఖాళీగా ఉంటే మనిషి చూడాలని అర్థం. మీరు జతచేసిన రిపోర్టులో ఖాళీ గడులు ఇరవైకి పైగా ఉన్నాయి. టూలు వాటిని సరే అనలేదు, మీకు వదిలిపెట్టింది. మీ పని ఆ గడుల దగ్గరే మొదలవుతుంది.

నేను పదమూడేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాను. పగలు ఆఫీసు పని, సాయంత్రాలూ ఆదివారాలూ ఈ ప్యాకేజీల పని. దీని మీద నాకు ఇంత పట్టింపు ఎందుకో ముందు చెబుతాను. డెబియన్ అనే మరో లినక్స్‌లోకి కొత్త ప్యాకేజీ వస్తే, స్పాన్సర్ (కొత్తవాళ్ల పనికి పూచీపడే అనుభవజ్ఞులు) చూసిన తర్వాత కూడా ‘న్యూ’ అనే వరుసలో ఆగుతుంది. అక్కడ మరో బృందం లైసెన్సులన్నీ పరిశీలించాకే లోపలికి పంపుతుంది. ఫెడోరాలో అలా కాదు. ఒక్క రివ్యూయర్ ప్లస్ పెడితే రిపాజిటరీకి, అంటే వాడుకరులు ప్యాకేజీలు దింపుకునే నిల్వకు, దారి తెరుచుకుంటుంది. ఆ తర్వాత వచ్చే కొత్త వెర్షన్లకు మళ్లీ రివ్యూ ఉండదు, ప్యాకేజీని చూసుకునే మెయింటెయినరే ఎక్కిస్తారు. అంటే ఆ సోర్సును (ప్రోగ్రాం మూల కోడును) ఇంకో మనిషి కూర్చుని మొత్తం చూసే సందర్భం చాలా ప్యాకేజీలకు ఇదొక్కటే. ఈ ప్యాకేజీకి ఆ ఇంకో మనిషి మీరే. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలంటారు. ఇక్కడ ఆ లెక్క పనికిరాదు, కుండ అడుగు దాకా చూడాలి.

మీరు ప్యాకేజర్ల బృందంలో ఉన్నారో లేదో రాయలేదు. లేకపోతే మీరు చేసేది అనధికారిక రివ్యూ అవుతుంది. అదీ విలువైనదే, కొత్తవాళ్లకు స్పాన్సర్ దొరికేది చాలావరకు అలాంటి రివ్యూల వల్లే. ప్యాకేజీ తెచ్చినాయన కూడా కొత్తవారైతే మాత్రం ఆయనకు స్పాన్సర్ కూడా కావాలి. ఈ రెండు సంగతులూ రివ్యూలు నడిచే బగ్‌జిల్లా సైటులో ముందే సరిచూసుకోండి.

ఇక పని. నేను స్పెక్ ఫైలుతో (ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఫైలుతో) మొదలుపెట్టను. ముందు టార్‌బాల్ (సోర్సంతా మూటకట్టిన ఫైలు) విప్పి, ఫైళ్లను పరిమాణం ప్రకారం పేర్చి, పెద్దవాటి నుంచి చూస్తాను. మనుషులు రాసిన కోడు సాధారణంగా చిన్న చిన్న ఫైళ్లలో ఉంటుంది. మెగాబైట్లలో ఏదైనా కనిపిస్తే అది చాలావరకు ఎక్కడి నుంచో తెచ్చి పెట్టినది: పదాల జాబితా, ఫాంటు, బొమ్మ, ముందే కంపైల్ చేసిన లైబ్రరీ, ఒక్కోసారి వేరే ప్రాజెక్టు మొత్తం. తెచ్చి పెట్టిన ప్రతిదానికీ సొంత యజమాని, సొంత షరతులు ఉంటాయి.

మూడేళ్ల కిందట తెలుగులో అక్షరదోషాలు పట్టే ప్రోగ్రాం ఒకటి నా దగ్గరికి వచ్చింది. లైసెన్స్ ఫైలులో ఎమ్‌ఐటీ (చాలా తక్కువ షరతులున్న లైసెన్సు), ప్రతి సోర్సు ఫైలు తలమీద ఎమ్‌ఐటీ, స్పెక్‌లోనూ ఎమ్‌ఐటీ. రిపోర్టు మీ రిపోర్టులాగే శుభ్రంగా ఉంది. ఒక ఆదివారం మధ్యాహ్నం బెళ్లందూరులోని మా ఇంట్లో కూర్చుని టార్‌బాల్ విప్పాను. ‘డేటా’ ఫోల్డరులో తొమ్మిది మెగాబైట్ల టెక్స్టు ఫైలు ఉంది. వరుసకు ఒక పదం: అంకం, అంకణం, అంకితం... అలా అకారాది క్రమంలో. అలవాటు కొద్దీ ఫైలు చివరికి వెళ్లాను. ఆఖరి పదం తర్వాత మూడు ఖాళీ వరుసలు, వాటి కింద ఒక్క వాక్యం, తెలుగులో. ఈ జాబితాను విద్యావసరాలకు మాత్రమే వాడుకోవాలని, వ్యాపారానికి వాడకూడదని దాని సారాంశం.

లైసెన్సులు పట్టే టూలుకు తెలిసినవి ఇంగ్లీషులో స్థిరపడిన లైసెన్సు పాఠాలు. తెలుగు వాక్యం దానికి ఏం తెలుస్తుంది? ఆ ఫైలును ‘తెలియనివి లేదా యంత్రం పుట్టించినవి’ అన్న పట్టీలో వేసి వదిలేసింది. ఆ పట్టీ రిపోర్టు పక్కనే ‘లైసెన్స్‌చెక్’ అనే ఫైలులో ఉంటుంది, దాన్ని చాలామంది తెరవరు. మీరు తెరవండి. అందులో ఉన్న ప్రతి ఫైలూ మనిషి కన్ను కోరుతోందని అనుకోండి. తెలుగు ప్యాకేజీలను తెలుగు చదవగలిగినవాళ్లు రివ్యూ చేయాలని నేను పదేపదే అనేది ఇందుకే. కన్నడ భాగానికి మీ ఆఫీసులో కన్నడ మిత్రుణ్ని పక్కన కూర్చోబెట్టుకోండి, అరగంట చాలు.

వ్యాపారానికి వాడకూడదన్న షరతు మంచిదే కదా, ఎందుకు ఒప్పుకోరని ఆ ప్రోగ్రాం రాసిన అబ్బాయి నన్ను అడిగాడు. చెన్నైలో చదువుకుంటున్నాడు. అతనికి బెంగళూరు ఎస్పీ రోడ్డు ఉదాహరణ చెప్పాను. అక్కడ విడిభాగాలు కొని కంప్యూటర్లు బిగించి అమ్మే దుకాణదారు ఒకరు, విండోస్ ఖర్చు పెట్టుకోలేని కుర్రాడికి ఫెడోరా ఎక్కించి ఇస్తారు. అందుకు డబ్బు తీసుకుంటారు, అది వారి బతుకు. మనం ఆ పదాల జాబితాను లోపల పెట్టి పంపితే, ఆ దుకాణదారును ఆయనకు తెలియకుండానే షరతు తప్పినవాణ్ని చేసినట్టు. ఎవరైనా, ఏ పనికైనా వాడుకోవచ్చు, పంచవచ్చు, అమ్మవచ్చు అన్నది ఫెడోరాకూ డెబియన్‌కూ పునాది. డెబియన్ అయితే ఏ రంగంలోనూ వాడకాన్ని అడ్డుకోకూడదని 1997లోనే తన మార్గదర్శకాల్లో రాసుకుంది. ‘ఈ సాఫ్ట్‌వేర్‌ను మంచికే వాడాలి, చెడుకు వాడకూడదు’ అన్న ఒక్క వాక్యం ఉన్నందుకు జేసన్ (JSON) అనే లైసెన్సును ఈ రెండు చోట్లా నిరాకరించారు. మంచేదో చెడేదో తేల్చేదెవరన్నదే అక్కడి చిక్కు.

ఆ అబ్బాయి జాబితా యజమానికి ఉత్తరం రాశాడు, జవాబు రాలేదు. అప్పుడు వేరే దారి వెతికాం. మన దేశంలో 1957 కాపీరైటు చట్టం ప్రకారం రచయిత జీవితకాలం, ఆ పైన 60 ఏళ్లు హక్కు ఉంటుంది. సి.పి. బ్రౌన్ 1884లో మరణించారు, ఆయన 1852 నాటి నిఘంటువు మీద ఎవరికీ హక్కు మిగలలేదు. ఆ మూలంతో మొదలుపెట్టి, వాడుక పదాలను తానే చేర్చుకుంటూ రెండు నెలల్లో కొత్త జాబితా తయారుచేశాడు. మొదటిదానికన్నా చిన్నది, కానీ పూర్తిగా అతనిది. ఆ రోజు ప్లస్ పెట్టినప్పుడు కలిగిన సంతోషం నాకు ఇప్పటికీ గుర్తుంది.

లైసెన్సు గురించి ఇంకో రెండు మాటలు. స్పెక్‌లోని లైసెన్స్ వరుసలో 2022 నుంచి ఎస్‌పీడీఎక్స్ అనే జాబితాలోని లైసెన్సు సంకేతనామాలే రాయాలి. అక్కడ రాసేది వాడుకరి చేతికి వెళ్లే బైనరీలో, అంటే కంపైల్ అయి సిద్ధమైన ప్యాకేజీలో, ఉన్నవాటి లెక్క. కోడు ఒక లైసెన్సులో, బొమ్మలు మరో లైసెన్సులో ఉంటే రెండూ రాసి మధ్యలో ‘అండ్’ పెట్టాలి. ఒకే కోడును రెండింట్లో ఏదో ఒకటి ఎంచుకుని తీసుకోవచ్చంటే ‘ఆర్’. కొత్తవాళ్లు వీటిని తారుమారు చేస్తుంటారు. లైసెన్సే లేని ఫైలు ఉందంటే దాన్ని ఎవరైనా వాడుకోవచ్చని కాదు. ఇంటర్నెట్‌లో అందరికీ కనిపిస్తున్నా సరే, రాసినవారు అనుమతి ఇవ్వనంతవరకు హక్కులన్నీ వారివే.

తర్వాత చూడవలసింది లోపల దాచుకున్న లైబ్రరీలు, అంటే వేరేవాళ్లు రాసిన, ఎన్నో ప్రోగ్రాంలు వాడుకునే కోడు. దీంట్లో నేనే పొరపాటు చేశాను. తొలిరోజుల్లో ఒక బొమ్మల ప్రోగ్రాంను ఆమోదించాను. లోపల ‘కాంట్రిబ్’ ఫోల్డరులో జెడ్‌లిబ్ అనే, డేటాను కుదించే లైబ్రరీ సోర్సు పూర్తి ప్రతి ఒకటి ఉంది, బిల్డ్ దాన్నే కలుపుకుంటోంది. నేను గమనించలేదు. 2022 మార్చిలో జెడ్‌లిబ్‌లో మెమరీని పాడుచేసే లోపం బయటపడింది, భద్రతా లోపాల జాబితాలో సీవీఈ-2018-25032 దాని సంఖ్య. సరిచేసిన 1.2.12 వెర్షన్ వచ్చింది. సిస్టమ్‌లోని జెడ్‌లిబ్ మారగానే దాని మీద ఆధారపడినవన్నీ బాగుపడ్డాయి. నేను ఆమోదించిన ప్రోగ్రాం మాత్రం తన కడుపులోని పాత ప్రతితోనే నడుస్తూ వచ్చింది. కొన్ని వారాల తర్వాత ఎవరో వాడుకరి కనిపెట్టి బగ్ రాశారు. నష్టం జరిగినట్టు తెలియదు. అయినా ఆ కొన్ని వారాలూ నా సంతకం మీద నడిచాయి.

అప్పటి నుంచి నేను టార్‌బాల్‌లో ‘థర్డ్ పార్టీ’, ‘వెండర్’, ‘కాంట్రిబ్’, ‘ఎక్స్‌టర్నల్’ అనే పేర్లున్న ఫోల్డర్లను ముందు వెతుకుతాను. సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీతో బిల్డ్ అయ్యే వీలుంటే, దాచుకున్న ప్రతిని బిల్డ్‌కు ముందు వచ్చే ‘ప్రెప్’ దశలోనే తొలగించమని అడుగుతాను. తొలగించాక బిల్డ్ పూర్తయిందంటే నిజంగా వాడడం లేదని రుజువు. వీలుకాని సందర్భాలు ఉంటాయి, ఫెడోరా వాటిని ఒప్పుకుంటుంది, కానీ స్పెక్‌లో ‘ప్రొవైడ్స్’ వరుసలో ‘బండిల్డ్’ అని లైబ్రరీ పేరు, వెర్షన్ ప్రకటించాలి. రేపు ఆ లైబ్రరీలో లోపం బయటపడితే, ఎవరెవరి లోపల అది ఉందో భద్రత చూసేవాళ్లు ఆ వరుసతోనే వెతుకుతారు. ముందే కంపైల్ చేసిన ఫైళ్లకు మాత్రం మినహాయింపు అడగనే వద్దు. సోర్సు నుంచి మన బిల్డ్ యంత్రంలో పుట్టనిది ఏదీ వాడుకరికి వెళ్లకూడదు.

ఇక చెక్‌సమ్, అంటే ఫైలు మారిందో లేదో చెప్పే సంఖ్య సంగతి. మీ రిపోర్టు చివర రెండు షా256 సంఖ్యలు ఉన్నాయి, రెండూ ఒకటే. అంటే ప్యాకేజీలో ఉన్న టార్‌బాల్, అప్‌స్ట్రీమ్ (ప్రోగ్రాంను రాసినవారి) సైటులో ఉన్న టార్‌బాల్ ఒకటేనని. బస్తా దారిలో మారలేదని మాత్రమే ఆ సంఖ్య చెబుతుంది, బస్తాలో బియ్యమే ఉన్నాయని చెప్పదు. 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జడ్ (ఫైళ్లను కుదించే ప్రోగ్రాం) ఉదంతం మీకు గుర్తుండే ఉంటుంది. రెండేళ్లకు పైగా ఓపికగా ప్యాచ్‌లు (కోడు సవరణలు) పంపి, నమ్మకం సంపాదించి, మెయింటెయినర్ అయిన వ్యక్తి పేరుతోనే 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి చేరింది. దాన్ని బిల్డ్‌లోకి లాక్కొచ్చే ఎమ్4 స్క్రిప్టు గిట్ రిపాజిటరీలో, అంటే కోడు మార్పులన్నీ అందరికీ కనిపించే చోట, లేదు, విడుదల చేసిన టార్‌బాల్‌లో మాత్రమే ఉంది. అసలు సరుకు పరీక్షల కోసం పెట్టిన పాడైన ఫైళ్లలాగా కనిపించే వాటిలో దాగి ఉంది. చెక్‌సమ్ సరిపోయేది, సంతకం కూడా సరిపోయేది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న మాట అక్కడ అక్షరాలా నిజమయ్యేది. దూరపు కంప్యూటరులోకి వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అరసెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు వెంటపడి తవ్వడం వల్ల బయటికి వచ్చింది. అప్పటికే డెబియన్ టెస్టింగ్‌లోకి, ఫెడోరా రాహైడ్‌లోకి, అంటే ఇంకా విడుదల కాని ప్రతుల్లోకి వెళ్లిపోయింది.

కాబట్టి మీ ప్యాకేజీ వెర్షన్ గిట్ ట్యాగును వేరే ఫోల్డరులో దింపుకుని, టార్‌బాల్‌తో ‘డిఫ్’ పెట్టి పోల్చండి. తేడాలు ఉంటాయి, కంగారుపడకండి. కాన్ఫిగర్ స్క్రిప్టులాంటివి విడుదల సమయంలో పుడతాయి. అలా పుట్టినవి తీసేస్తే మిగిలిన ప్రతి ఫైలుకూ ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది’ అన్న ప్రశ్నకు జవాబు ఉండాలి. తెలియకపోతే రచయితను అడగండి. మీ ప్యాకేజీ చిన్నది, ఇది ఒక గంట పని. ఎక్స్‌జడ్ లాంటి ఎత్తుగడను మీరో నేనో తప్పకుండా పట్టేసేవాళ్లమని అనడం లేదు. కానీ గిట్‌లో లేని స్క్రిప్టు టార్‌బాల్‌లో ఉందన్న సంగతి ఈ గంట పనిలో కళ్లబడుతుంది.

ప్యాకేజీ చేసినవారు జోడించిన ప్యాచ్‌లు కూడా సోర్సేనని మరవకండి. 2006లో డెబియన్‌లోని ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ ప్యాకేజీలో మెమరీ తనిఖీ టూలు ఇస్తున్న హెచ్చరికను పోగొట్టడానికి ఒకటి రెండు వరుసలను పక్కన పెట్టారు. దాంతో రహస్య కీల తయారీలో యాదృచ్ఛికత దాదాపు పోయి, ప్రాసెస్ సంఖ్య ఒక్కటే మిగిలింది. ఒక్కో రకం కీకి సాధ్యమయ్యేవి 32,768 మాత్రమే. 2008 మే నెలలో బయటపడేదాకా ఆ బలహీనమైన కీలతోనే సర్వర్లు నడిచాయి. దురుద్దేశం ఏమీ లేదు, హెచ్చరికను తొలగించాలన్న శ్రద్ధే. ప్యాచ్ ఎంత చిన్నదైనా ఎందుకు పెట్టారు, అప్‌స్ట్రీమ్‌కు పంపారా అని అడిగి, జవాబును ప్యాచ్ పైన వ్యాఖ్యగా రాయించండి.

స్పెక్ ఫైలు మిగిలిన భాగం గురించి ఎక్కువ చెప్పను, అక్కడ టూలు బాగానే పనిచేస్తుంది. లైసెన్స్ పాఠం ‘లైసెన్స్’ మాక్రోతో వెళ్తోందా, తాను సృష్టించే ఫోల్డర్లన్నీ ఆ ప్యాకేజీ సొంతం చేసుకుంటోందా, అప్‌స్ట్రీమ్‌లో పరీక్షలు ఉంటే ‘చెక్’ దశలో నడుస్తున్నాయా, ఇవి చూస్తే చాలు.

తర్వాత, వర్చువల్ మెషీన్‌లో ఇన్‌స్టాల్ చేసి నడపండి. చాలామంది రివ్యూయర్లు బిల్డ్ అయిందని సంతృప్తిపడి ఇక్కడ ఆపేస్తారు. నేను ప్రతి ప్యాకేజీకీ ‘లక్ష్మి’ అన్న పేరుతో ఒక ఫైలు చేసి ఇస్తాను. కంటికి రెండు అక్షరాలు. కంప్యూటరు లెక్కలో ఏడు సంకేతాలు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. ఒక్కో తెలుగు సంకేతం యూటీఎఫ్-8 అనే, అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో మూడు బైట్లు కనుక మొత్తం 21 బైట్లు. పేరును పదో బైటు దగ్గరో ఇరవయ్యో బైటు దగ్గరో తుంచే ప్రోగ్రాం ఉంటే మధ్యలో సంకేతం తెగి, అక్కడ ప్రశ్నార్థకమో పెట్టెగుర్తో కనబడుతుంది. మీది లిపి మార్చే ప్రోగ్రామే కాబట్టి ‘దుఃఖం’, ‘సంస్కృతి’, ‘జ్ఞానం’, ‘ఋషి’ ఇచ్చి చూడండి. ఒకటి తప్పుగా వచ్చినంత మాత్రాన ప్యాకేజీని ఆపే హక్కు మనకు లేదు. అది అప్‌స్ట్రీమ్ బగ్, అక్కడ రాయాలి. కానీ ప్రోగ్రాం కూలిపోతే మాత్రం ఆపాలి.

వ్యాఖ్య రాసేటప్పుడు నియమాలు తప్పినవి ఒకచోట, మీ సలహాలు మరోచోట పెట్టండి. రెండూ కలిపి రాస్తే అవతలివారికి దేనికోసం ఆగిపోయిందో తెలియదు. ఖాళీలు ఎన్ని ఉండాలి, వరుసలు ఎలా పేర్చాలి అన్నవాటి మీద వాదించకండి. ఆయన నాలుగు నెలలు ఆగారు. ప్రతి తప్పుకూ ఎక్కడ ఉందో ఫైలు పేరు, వరుస సంఖ్య, ఎలా సరిచేయవచ్చో ఒక వాక్యం రాయండి. కొత్త ప్రతి పంపాక రెండు రోజుల్లో చూస్తానని చెప్పండి, చెప్పినట్టు చూడండి. రివ్యూయర్ మధ్యలో మాయమైతే ప్యాకేజీ చేసినవాళ్లు విసిగి వెళ్లిపోతారు. తెలుగు పనిముట్లు చేసేవాళ్లే కొద్దిమంది, వాళ్లలో ఒకరిని పోగొట్టుకోవడం నాకు చాలా బాధ.

చివరగా మీ ప్యాకేజీ. మీరు అతికించిన ఫైళ్ల జాబితాలో ‘ఫాంట్స్’ ఫోల్డరు, అందులో రెండు టీటీఎఫ్ ఫైళ్లు కనిపించాయి. ఫెడోరాలో ఫాంట్లను ప్రోగ్రాంతో కలిపి పంపకూడదు, అవి విడి ప్యాకేజీగా ఉండాలి. ముందు ఆ రెండూ ఏ ఫాంట్లో చూడండి. ఇప్పటికే రిపాజిటరీలో ఉంటే, లోపలివి తొలగించి వాటిని ‘రిక్వైర్స్’లో (ప్యాకేజీతో పాటు ఉండాల్సినవాటి వరుసలో) పెట్టమనండి. లేకపోతే ఫాంటు సమాచారంలో లైసెన్సు గడి తెరిచి, ఓపెన్ ఫాంట్ లైసెన్సు అని ఉందో లేదో, పేరు మార్చకుండా సవరించకూడదన్న షరతు ఉందో లేదో చదవండి. సవరించినట్టు అనుమానం వస్తే అసలు ఫాంటుతో పోల్చండి. అది తేలాక ‘లైసెన్స్‌చెక్’లోని తెలియని ఫైళ్ల పట్టీ, ఆ తర్వాత గిట్ తేడాలు. ఎక్కడైనా చిక్కుకుంటే ఆ ఫైలు మొదటి ఇరవై వరుసలు, చివరి ఇరవై వరుసలు ఇక్కడ పెట్టండి, శనివారం సాయంత్రం నేను చూస్తాను.